ముస్లిం ఆడవాళ్లకు రాజకీయ శిక్షణ: రెండు రోజుల్లో ఏం నేర్పాలి?

కుట్టుమిషన్ (నర్సాపురం వైపు) | ఆదివారం రాత్రి 9:40

అందరికీ సలాం, నమస్కారం. నేను మా పంచాయతీలో వార్డు మెంబరుని. 2021లో గెలిచాను. జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని, ఇప్పటికీ అదే పని. మా ఊళ్లో ముస్లిం గడప నలభైకి మించదు.

మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట వినబడుతోంది కదా. ఈసారి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల నుంచి మా ఆడవాళ్లు కొందరు నిలబడాలని చూస్తున్నారు. డ్వాక్రా లీడర్లు, ఒక ఆశా వర్కరు, డిగ్రీ అయిపోయిన ఇద్దరు పిల్లలు, అందరూ కలిపి పద్దెనిమిది మంది. మసీదు పక్కన మదరసా హాలు రెండు రోజులు ఇస్తామన్నారు. ఆ ఒప్పుకోలుకే నెల పట్టింది, అది వేరే కథ.

నేను గెలిచిన కొత్తలో మాకూ ఒక ట్రైనింగ్ పెట్టారు. ఒకాయన తెర మీద బొమ్మలు వేసి పంచాయతీల కోసం తెచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గురించి మూడు గంటలు చెప్పారు. భోజనం బాగుంది. ఇంటికొచ్చాక మీటింగులో ఎక్కడ కూర్చోవాలో కూడా నాకు తెలియలేదు.

అందుకే అడుగుతున్నా. పాకిస్తాన్, బంగ్లాదేశ్, మొరాకో లాంటి దేశాల్లో ముస్లిం ఆడవాళ్లకి ఇలాంటివి ఎలా నేర్పారు? ఏది పనిచేసింది, ఏది చేయలేదు? ఇంకొకటి. మా జమాత్ పెద్దాయన ఒకరు "ఆడవాళ్ల పెత్తనం మనలో ఎక్కడుందమ్మా" అన్నారు. మంచాయనే, గొడవ పడే ఉద్దేశం లేదు. కానీ జవాబు చెప్పాలి.

పాత మసీదు వీధి (రాజమండ్రి) | ఆదివారం రాత్రి 10:15

వాలేకుం సలాం ఆపా (అక్కా). పెద్దాయనకి జవాబు తేలిక. 1988 డిసెంబరులో బేనజీర్ భుట్టో పాకిస్తాన్ ప్రధాని అయ్యారు, అప్పటికి ఆవిడ వయసు 35. 1991లో బంగ్లాదేశ్‌లో ఖలీదా జియా. 1993లో టర్కీలో తాన్సు చిల్లర్. 2001లో ఇండోనేషియాకు మేఘావతి అధ్యక్షురాలు. ఇప్పుడు టాంజానియా అధ్యక్షురాలు సామియా సులుహు హసన్ కూడా ముస్లిమే. అంతదూరం ఎందుకు, మన భోపాల్‌ని 1819కీ 1926కీ మధ్య నలుగురు బేగమ్‌లు ఏలారు. వాళ్లలో చివరావిడ సుల్తాన్ జహాన్ బేగమ్ అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి మొదటి ఛాన్సలర్. మన ఆంధ్రప్రదేశ్‌లో సంజీవయ్య గారి మంత్రివర్గంలో మాసూమా బేగమ్ మంత్రిగా చేశారు.

ఈ లిస్టు ప్రింటు తీసి హాలు గోడకి అంటించండి.

చెరువుగట్టు (భీమవరం) | ఆదివారం రాత్రి 10:32

లిస్టు బాగుంది భాయ్. కానీ బేనజీర్ తండ్రి ప్రధాని, మేఘావతి తండ్రి సుకర్ణో, ఖలీదా భర్త అధ్యక్షుడు. వాళ్లకి ట్రైనింగ్ ఎవరిచ్చారు, ఇంటిపేరు ఇచ్చింది. జాకెట్లు కుట్టుకునే ఆవిడకి ఆ లిస్టు చూస్తే ధైర్యం వస్తుందా, లేక "మనకెందుకులే" అనిపిస్తుందా?

పాత మసీదు వీధి | ఆదివారం రాత్రి 10:40

చిల్లర్ ఎకనామిక్స్ ప్రొఫెసరు అండి, ఇంటిపేరు కాదు. అయినా పాయింటే. నేనిచ్చింది పెద్దాయనకి జవాబు, ఆపాకి కాదు.

మాస్టారు_సామర్లకోట | సోమవారం ఉదయం 6:05

అమ్మా, నేను రిటైరైన పంచాయతీ ఉద్యోగిని. సర్పంచులకి, మెంబర్లకి క్లాసులు చెప్పినవాణ్ణి కూడా. మీరు తిట్టిన ఆ తెర మీద బొమ్మలు వేసిన బాపతు మనిషినే అనుకోండి. తప్పు ఒప్పుకుంటున్నా. సవరణ ఏ సంవత్సరం వచ్చిందో చెప్పాం గానీ తీర్మానాల పుస్తకం ఎలా చదవాలో చెప్పలేదు.

ముందు ఒక పాత సంగతి. 1921లో గాంధీ గారు కాకినాడ వస్తున్నారని తెలిసి రాజమండ్రి పిల్ల దుర్గాబాయి (తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్), అప్పటికి పన్నెండేళ్లు కూడా నిండలేదు, దేవదాసీలూ పరదా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయనతో మాట్లాడేలా చూడాలని పట్టుబట్టింది. నిర్వాహకులు ఐదు వేల రూపాయల నిధి తెస్తే ఐదు నిమిషాలు ఇస్తామన్నారు. తెచ్చింది. ఐదు నిమిషాలు కాస్తా ఎక్కువే అయింది. గాంధీ గారి హిందీ ప్రసంగాన్ని ఆ పిల్లే తెలుగులో చెప్పింది. అంతకుముందే తను హిందీ నేర్చుకుని ఇంటి దగ్గర ఆడవాళ్లకి నేర్పుతోంది. నూరేళ్ల కింద మన గోదావరి జిల్లాలో జరిగిన శిక్షణా శిబిరం అంటే నా దృష్టిలో అదే. చందా పోగుచేయడం, మనుషుల్ని కూడగట్టడం, టైము అడిగి తీసుకోవడం, నిలబడి మాట్లాడటం, నాలుగూ ఒకే రోజున.

ఇక పని సంగతి. మొదటి రోజు పొద్దున్నే అందరికీ ఒక ప్రశ్న వేయండి: "మీ ఊరి మహిళా సర్పంచ్ గారి డిజిటల్ సంతకం డాంగిల్ ఎవరి జేబులో ఉంది?" ఆర్థిక సంఘం నిధుల బిల్లు కదలాలంటే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలూ పడాలి. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. మన రాష్ట్రంలో పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. డాంగిళ్లలో సగం ఆడవాళ్ల దగ్గర ఉన్నాయా అని నన్నడిగితే నవ్వొస్తుంది.

గోదారి పిల్ల | సోమవారం ఉదయం 7:20

మాస్టారూ, మా ఊరి డాంగిల్ సర్పంచ్ గారి ఆయన బుల్లెట్ బండి తాళం గుత్తికి వేలాడుతూ ఉంటుంది. ఒట్టు.

కువైట్ వదిన (రాజోలు) | సోమవారం మధ్యాహ్నం 2:10

పుస్తకాల్లో చదివింది కాదు, కళ్లతో చూసింది చెప్తానండి. నేను కువైట్‌లో పదకొండేళ్లు ఒకే ఇంట్లో ఖద్దామాగా, అంటే పనిమనిషిగా చేశాను. అక్కడ ఆడవాళ్లకి ఓటు హక్కు 2005లో వచ్చింది. 2006లో ఎండలు మండిపోతున్నప్పుడు మా మేడమ్ మొదటిసారి ఓటేయడానికి వెళ్లింది. అబాయా ఇస్త్రీ చేయమని నాకు మూడుసార్లు చెప్పింది. ఆడవాళ్లకి వేరే స్కూల్లో వేరే పోలింగ్. వచ్చాక వేలు చూపించలేదు, సోఫాలో కూర్చుని నిమ్మరసం అడిగింది, అంతే. నాకు మాత్రం గుర్తుండిపోయింది. నేను మలికిపురంలో పద్దెనిమిదేళ్లకే ఓటేశాను, అంత డబ్బున్న ఆవిడ నలభై దాటాక వేసింది.

ఆ ఏడు నిలబడ్డ ఆడవాళ్లు ఒక్కరూ గెలవలేదు. 2008లోనూ లేదు. 2009లో ఒకేసారి నలుగురు గెలిచారు. నలుగురూ అమెరికాలో డాక్టరేట్లు చేసినవాళ్లు. మరి చదువుతోనే అయితే 2006లో చదువుకున్నవాళ్లు నిలబడలేదా? మా మేడమ్ వాళ్ల చెల్లెలు పోటీ చేసిన ఒకావిడ తరఫున పనిచేసింది. ఆ చెల్లెలు చెప్పేది, అంతా దీవానియాలో తేలుతుందని. దీవానియా అంటే మగవాళ్లు సాయంత్రం పూట కూర్చుని కబుర్లు చెప్పుకునే పెద్ద గది. పెళ్లి సంబంధాల నుంచి మంత్రి పదవుల దాకా అక్కడే. ఆడవాళ్లు అందులోకి వెళ్లే అలవాటు లేదు. పోటీ చేసే ఆడవాళ్లు ధైర్యం చేసి వాటిలోకి వెళ్లి కూర్చోవడం మొదలెట్టారు, ప్రశ్నలకి జవాబులు చెప్పారు. నేర్చుకోవాల్సింది ఉపన్యాసం కాదండి, ఆ గుమ్మం దాటడం.

మనకి దీవానియా అంటే ఏంటి? రావిచెట్టు కింద టీ కొట్టు. చెల్లెమ్మా, మీ పద్దెనిమిది మందిలో ఎంతమంది మీ ఊరి టీ కొట్టు బల్ల మీద కూర్చుని టీ తాగారు?

అన్నట్టు 2012 ఫిబ్రవరి ఎన్నికల్లో మళ్లీ ఒక్క ఆడది గెలవలేదు. 2024లో అమీర్ గారు ఏకంగా పార్లమెంటునే రద్దు చేశారు. గుమ్మం దాటాక ఇల్లే లేకుండా పోతుందని ఎవరనుకుంటారు!

ప్లీడరు గారు (తాడేపల్లిగూడెం) | సోమవారం రాత్రి 8:45

కువైట్ వదిన గారి పోస్టు చదివి రెండుసార్లు ఆగాను. నేను చట్టం వైపు నుంచి రెండు ముక్కలు చేర్చుతాను.

పాకిస్తాన్‌లో 2000-01 స్థానిక సంస్థల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇచ్చారు. వేల మంది ఒక్కసారిగా వచ్చారు. ఔరత్ ఫౌండేషన్ లాంటి సంస్థలు అప్పటికే ఆ పని మీద ఉన్నాయి. అక్కడ నాకు బాగా నచ్చింది వేరే ఉంది. 2017 ఎన్నికల చట్టం ప్రకారం ఒక నియోజకవర్గంలో పోలైన ఓట్లలో ఆడవాళ్లవి పది శాతం కన్నా తక్కువైతే ఎన్నికల సంఘం ఆ ఎన్నికను కొట్టేయొచ్చు. 2018లో శాంగ్లాలో ఒక సీటుకి అలాగే రద్దు చేసి మళ్లీ పోలింగ్ పెట్టారు. ఆడవాళ్లని ఇంట్లో ఉంచితే మగవాడి గెలుపే పోతుందన్నమాట. ఆ దెబ్బతో ఆడవాళ్లని బూత్‌కి తీసుకురావడం మగవాళ్ల అవసరమైంది.

రెండోది మొరాకో. అక్కడ తెగల ఉమ్మడి భూములుంటాయి. అమ్మినా, పంచినా వాటా మగవాళ్లకే ఉండేది. సులాలియాత్ అని పిలిచే ఆ తెగల ఆడవాళ్లు 2007 ప్రాంతంలో కదిలారు. పెద్దగా చదువుకున్నవాళ్లు కాదు. రబాత్‌లోని మహిళా సంఘం వాళ్లకి నాయకత్వ శిక్షణ ఇచ్చింది. అధికారి ముందు ఎలా మాట్లాడాలి, అర్జీ ఎలా పెట్టాలి, పత్రికలకి ఏం చెప్పాలి అని. 2019లో వాళ్ల హక్కుని చట్టమే ఒప్పుకుంది. లంక భూముల పట్టాల కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన మనవాళ్లకి ఇది కొత్త కథ కాదు. చెప్పొచ్చేదేంటంటే, "నాయకత్వం" అని నేర్పితే ఎవరూ నేర్చుకోరు. భూమి కోసమో కాలువ కోసమో నేర్చుకుంటే అదే నాయకత్వం అవుతుంది.

ఉపయోగపడే మాట ఒకటి: 1994 పంచాయతీరాజ్ చట్టంలోని ఇద్దరు పిల్లల నిబంధన 2024 నవంబరులో తీసేశారు. ముగ్గురు పిల్లలున్నారని వెనక్కి తగ్గినవాళ్లుంటే పిలవండి.

కుట్టుమిషన్ | సోమవారం రాత్రి 9:05

ప్లీడరు గారూ, ఆ చివరి మాటకి మా లిస్టు పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి అయింది!

చెరువుగట్టు | సోమవారం రాత్రి 9:30

అడగాల్సింది అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ముస్లిం ఆడవాళ్లకని వేరే శిక్షణ ఎందుకు? మా ఊరి సర్పంచ్ ముస్లిం కాదు. ఐదేళ్లలో ఆవిడ గొంతు నేను వినలేదు. జెండా వందనం నాడు కూడా ఆయనే తాడు లాగాడు. అందరి ఆడవాళ్ల సంగతీ ఒకటే అయినప్పుడు మతం పేరు మీద విడగొట్టడం దేనికి?

[మోడరేటర్] | సోమవారం రాత్రి 10:02

దీనికింద వచ్చిన రెండు కామెంట్లు తీసేశాం. మతాన్నో, బురఖానో ఎగతాళి చేయడానికి ఇది చోటు కాదు. చెరువుగట్టు గారి ప్రశ్న ఉంచాం, అది ప్రశ్నే.

కుట్టుమిషన్ | మంగళవారం రాత్రి 10:20

మిషన్ మీద రెండు పెళ్లి ఆర్డర్లు ఉండి ఆలస్యమైంది, క్షమించాలి.

చెరువుగట్టు అన్నయ్యా, మీరన్నది నిజం. డాంగిల్ సంగతిలో ఏ మతమైనా ఒకటే. అయినా మాకు తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, పంచాయతీ మీటింగ్ కబురు. మిగతా మెంబర్లు ఆడవాళ్లయినా కార్యదర్శి ఇంటికెళ్లి చెప్తాడు. మా ఇంటికి మాత్రం "పరదా ఉంటుందేమో, ఎందుకులే" అని మా మరిదికి ఫోన్ చేసేవాడు. మా ఇంట్లో అలాంటి పట్టింపేమీ లేదు. ఆయన మర్యాద అనుకున్నాడు, నాకు మీటింగ్ పోయేది.

రెండోది అసలైనది. పాకిస్తాన్‌లో, కువైట్‌లో అభ్యర్థి, ఓటరు ఇద్దరూ ముస్లింలే. మా గడప నలభై. నేను గెలవాలంటే రామాలయం వీధిలో అడగాలి, చర్చి పేటలో అడగాలి. మా ఆడవాళ్లలో కొందరు పుట్టి బుద్ధెరిగాక ఆ వీధుల్లోకి పెళ్లి భోజనానికి తప్ప వెళ్లలేదు. అక్కడివాళ్లకీ మాతో మాట్లాడే అలవాటు లేదు. ఈ ముక్క ఏ దేశపు శిక్షణలోనూ దొరకదనిపిస్తోంది.

నా మొదటి మీటింగ్ చెప్తాను. గెలిచిన మూడో నెల. పంచాయతీ ఆఫీసులో పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు, ఆడ మెంబర్లం గోడ వారగా బెంచీ మీద. తీర్మానాల పుస్తకం చేతులు మారుతూ వస్తోంది. ఎర్ర బైండు, మూలలు నలిగిపోయి ఉంది. నా దగ్గరికొచ్చేసరికి సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి ఉంది. పైన చూస్తే అప్పటికే రాసి ఉంది: "సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." మీటింగ్ ఇంకా మొదలవలేదు, టీ కూడా రాలేదు. నేను "చదివి పెడతానండి" అన్నాను. అంతే, గది నిశ్శబ్దం. నేను పదో తరగతి ఫెయిల్. చేతిరాత గొలుసుకట్టు. ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాను. టీ వచ్చింది, చల్లారింది, మీగడ కట్టింది. నాలుగో అంశం మురుగు కాలువలు. అన్ని వార్డులూ ఉన్నాయి, మాది లేదు. "మా వార్డు రాయండి" అన్నాను. చోటు లేదన్నాడు కార్యదర్శి. వరసల మధ్య ఇరికించి రాయించాను. ఆ అక్షరాలు ఇప్పటికీ చిన్నవిగా కనబడతాయి. కాలువ మాత్రం మామూలు సైజులోనే వచ్చింది.

అందుకని ఈ పెన్సిల్ టిక్కు దగ్గర్నుంచే మొదలుపెట్టాలని నా ఉద్దేశం.

మాస్టారు_సామర్లకోట | బుధవారం ఉదయం 5:50

అమ్మా, నా సర్వీసులో పెన్సిల్ టిక్కులు నేనూ పెట్టాను.

కొబ్బరాకు (అంబాజీపేట, ఇప్పుడు హైదరాబాద్‌లో ఎంఏ) | బుధవారం ఉదయం 11:15

ఆపా, మీరడిగిన "ఏది పనిచేసింది" మీద నేను చదివింది కొంచెం.

ట్యునీషియాలో 2018 మున్సిపల్ ఎన్నికల్లో లిస్టులో ఆడ-మగ-ఆడ-మగ వరసన పెట్టాలన్నారు. అంతటితో ఆగకుండా, పార్టీ పెట్టే లిస్టుల్లో సగానికి ఆడవాళ్ల పేరే మొదట ఉండాలన్నారు. సీట్లలో దాదాపు 47 శాతం ఆడవాళ్లవి అయ్యాయి. ట్యునిస్ నగరానికి మొదటిసారి మహిళా మేయర్ వచ్చారు, సువాద్ అబ్దుర్రహీం.

బంగ్లాదేశ్‌లో 1997 నుంచి యూనియన్ పరిషత్తులో (మన పంచాయతీ లాంటిది) ఆడవాళ్లకి మూడు సీట్లు, ఒక్కొక్కరికి మూడేసి వార్డులు. వినడానికి గొప్పగా ఉంటుంది. ఆ మూడు వార్డులకీ మామూలు మెంబరు ఒక్కొక్కడు ఉంటాడు, "ఇది నా వార్డు, నీకేం పని" అంటాడు. ఓట్లు మూడింతలు తెచ్చుకుని పని దగ్గర ఎవరికీ చెందకుండా మిగిలిపోవడం అన్నమాట. సీటు ఇచ్చే తీరులోనే లోపం ఉంటే ఎంత ట్రైనింగ్ ఇచ్చినా ఏం లాభం?

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇండోనేషియా. అక్కడ ఐసియా అనే ముస్లిం మహిళా సంఘం 1917లో పుట్టింది. బడులు, ఆసుపత్రులు నడుపుతుంది. నహ్దతుల్ ఉలమా అనే పెద్ద ముస్లిం సంస్థ మహిళా విభాగం ముస్లిమాత్‌ని ఏళ్ల తరబడి నడిపిన ఖోఫీఫా 2019లో తూర్పు జావా గవర్నరయ్యారు. అంటే ఎన్నికల ముందు రెండు రోజుల క్లాసు కాదు, ఏళ్లకేళ్లు లెక్కలు రాయడం, మీటింగులు నడపడం, అలిగినవాళ్లని బుజ్జగించడం. మన డ్వాక్రా లీడర్లు చేసే పనే కదా ఇది! మీ లిస్టులో డ్వాక్రా వాళ్లకి సగం శిక్షణ అయిపోయినట్టే.

పార్టీల మీద మాత్రం నమ్మకం పెట్టుకోవద్దు. కేరళలో ముస్లిం లీగ్ 1996లో అసెంబ్లీకి ఒక మహిళని నిలబెట్టింది. మళ్లీ నిలబెట్టింది 2021లో. పాతికేళ్లు. ఇద్దరూ ఓడిపోయారు.

చెరువుగట్టు | బుధవారం మధ్యాహ్నం 1:00

నిన్నటి పోస్టు చదివాను చెల్లెమ్మా. నా ప్రశ్న వెనక్కి తీసుకోను గానీ, సగానికి జవాబొచ్చింది. మా అమ్మాయి భీమవరంలో లెక్చరరు. చర్చి పేట, రామాలయం వీధి ఆడవాళ్లని కూడా రెండో రోజు పిలవగలిగితే తను వస్తానంటోంది. ఓటు అడిగే ప్రాక్టీసు గోడతో చేస్తే లాభం లేదు కదా.

కువైట్ వదిన | బుధవారం సాయంత్రం 6:30

నేనూ వస్తాను. రాజోలు నుంచి వశిష్ఠ దాటడమే కదా. ఫ్లాస్కుతో సులేమానీ చాయ్ తెస్తా.

కుట్టుమిషన్ | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:50

అయిపోయిందండి. ఇరవై ఒకరిలో పదహారు మంది వచ్చారు. ముగ్గురికి ఇంట్లో కుదరలేదు, ఇద్దరు చెప్పకుండా మానేశారు.

మొదటి రోజు ఉపన్యాసాలు ఏమీ పెట్టలేదు. మాస్టారు బజారులో కొత్త రిజిస్టరు కొని, అచ్చం పంచాయతీలో ఉన్నట్టే తీర్మానాలు రాసుకొచ్చారు. కావాలని రెండు తప్పులు పెట్టారు. ఒక చోట వీధి దీపాల ఖర్చు రెండుసార్లు రాశారు, ఇంకో చోట హాజరు కాని మెంబరు పేరు రాశారు. పెన్సిల్ టిక్కులు కూడా పెట్టారు. సంతకాలు పెట్టమంటే పదహారు మందిలో పదకొండు మంది పెట్టేశారు. డిగ్రీ చదివిన పిల్లలిద్దరూ ఆ పదకొండు మందిలోనే. దీపాల ఖర్చు పట్టుకున్నది మా ఖాలా (పిన్ని), అరవై రెండేళ్లు, సంఘంలో పుస్తకం రాసే మనిషి. "ఒకే బల్బు రెండుసార్లు ఎట్లా వెలుగుద్ది మాస్టారూ" అంది.

గోడకి అంటించిన లిస్టు పెద్దాయన వచ్చి చూశారు. భోపాల్ బేగమ్‌ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు. మధ్యాహ్నం కుర్చీలు చాలకపోతే మసీదులోంచి నాలుగు పంపించారు.

రెండో రోజు మిగతా వీధుల ఆడవాళ్లు తొమ్మిది మంది వచ్చారు. ఓటు అడగడం దగ్గర చాలా ఇబ్బంది పడ్డారు మావాళ్లు. చపాతీ కర్ర మైకులా పట్టుకుంటే నవ్వుతూ మాట్లాడేశారు గానీ, ఎదురుగా మనిషి కూర్చుని "మీకెందుకు వేయాలి?" అంటే నోరు పెగల్లేదు. ఒకమ్మాయి ఏడ్చేసింది. చర్చి పేట నుంచి వచ్చిన ఆవిడే లేచి నీళ్లిచ్చి "నేను కూడా మా ఆయన చెప్పిన వాళ్లకే వేస్తానమ్మా, నువ్వేం కంగారు పడకు" అంది. ఆ మాట ఓదార్పో కాదో నాకిప్పటికీ తెలియలేదు.

సాయంత్రం కువైట్ వదిన గారి పట్టు మీద అందరం టీ కొట్టుకి వెళ్లాం. బల్ల మీద నలుగురు మగవాళ్లున్నారు, లేచి చోటిచ్చారు. ఆరుగురం కూర్చున్నాం, మిగతావాళ్లు నిలబడే తాగారు. కొట్టాయన పన్నెండు రూపాయల టీ పదికే ఇచ్చాడు, మొహమాటంతో కాబోలు.

పదహారు మందిలో నిలబడతామని గట్టిగా చెప్పినవాళ్లు ఐదుగురు. ఖాలా ఆ ఐదుగురిలో లేదు. అడిగితే "నాకెందుకే, ఎవరు గెలిచినా పుస్తకం తెప్పించి చదువుతా" అంది.

మాస్టారు_సామర్లకోట | సోమవారం ఉదయం 5:40

ఆ హాజరు కాని మెంబరు పేరు ఎవరూ పట్టుకోలేదమ్మా. రిజిస్టరు మీ దగ్గరే ఉంచాను, మూడో పేజీ చూడండి.